కాఫియా అంటే ప్రాసేనా? – రెండు కావ్యశాస్త్రాల పదజాలంపై ఒక పరిశీలన

భీమవరంలో ఒక సాయంత్రం పదో తరగతి చదివే కుర్రవాడొకడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. బడిలో తెలుగు మాస్టారు ఛందస్సు చెబుతున్నారు. ఇంటి దగ్గర తాతగారు ఉర్దూ గజళ్లు చదివి వినిపిస్తారు. "మాస్టారూ, తాతయ్య కాఫియా అంటారు, బడిలో ప్రాస అంటారు. రెండూ ఒకటేనా?" అన్నాడు. నేను ఏదో పనిలో ఉండి, "ఒకటేరా అబ్బాయ్" అనేశాను. తర్వాత పరీక్షలో ప్రాస అంటే ఏమిటని అడిగితే, "పాదాల చివర ఒకే ధ్వని రావడం" అని రాసి మార్కులు పోగొట్టుకున్నాడు. తప్పు అతనిది కాదు, నాది.

పోయినవి రెండు మార్కులే. కాని ఆలోచించిన కొద్దీ ఆ తొందర నా ఒక్కడిది కాదనిపించింది. తెలుగు చదివే ముస్లిములమైన మనకు రెండు కావ్యశాస్త్రాలు వారసత్వంగా వచ్చాయి. ఒకటి బడిలో నేర్చుకున్నది: యతి, ప్రాస, గణం, ఉపమ, రూపకం. రెండోది ఇంట్లోనో ముషాయిరాలోనో మదరసాలోనో విన్నది: కాఫియా, రదీఫ్, బహర్, తష్బీహ్, ఇస్తిఆరా. ఈ రెంటినీ ఒకదాని ఎదుట ఒకటి నిలబెట్టి, ఇది అదే అని సమానార్థాలు రాసుకుంటూ పోవడం మనకు అలవాటైంది. కొన్ని చోట్ల ఆ లెక్క సరిపోతుంది. కొన్ని చోట్ల సరిపోదు. సరిపోని చోట పద్యాన్ని తప్పుగా చదువుతాము, అనువాదాన్ని తప్పుగా తూస్తాము. చివరకు దివ్య ఖుర్ఆన్ శైలి గురించి కూడా అనకూడని మాటలు అంటాము. అందుచేత ఈ పదాలను ఒక్కొక్కటిగా పరీక్షించి చూడటం అవసరమని మనవి.

ప్రాస ఎక్కడ, కాఫియా ఎక్కడ

తెలుగు పద్యంలో ప్రాస అంటే ప్రతి పాదంలోని రెండో అక్షరంలో ఒకే హల్లు ఉండటం. అచ్చు మారవచ్చు, హల్లు మారరాదు. దాని ముందున్న మొదటి అక్షరం ఒక పాదంలో గురువైతే అన్ని పాదాల్లోనూ గురువే కావాలి, లఘువైతే లఘువే కావాలి. అంటే ప్రాస పాదం మొదట్లోనే వినిపించి, ఇది ఒకే పద్యమని గుర్తు చేస్తుంది. కాఫియా అలా కాదు. అది చరణం చివర వస్తుంది. దాని తర్వాత మార్పు లేకుండా తిరిగి వచ్చే మాటను రదీఫ్ అంటారు. మనం అంత్యప్రాస అనేది కాఫియాకు దగ్గరి చుట్టం. ప్రాస మాత్రం కాదు.

ఈ భేదం కంటికి కనబడటానికి నేనే నాలుగు పాదాలు కూర్చాను. కవిత్వమని కాదు, ఉదాహరణకని మాత్రమే పాఠకులు గ్రహించగలరు.

కాలువలో నీరు కదలిపోయింది
చేతిలోని పడవతాడు వదలిపోయింది
ఒడ్డున నిలిచి పేరు పిలిచాను
పిలుపు కూడ నీట మెదలిపోయింది

ఇందులో "కదలి, వదలి, మెదలి" కాఫియా. "పోయింది" రదీఫ్. మూడో పాదానికి రెండూ లేవు. తెలుగు ప్రాస మాటకొస్తే, రెండో అక్షరాల్లో వరుసగా ల, త, డ్డ, ల ఉన్నాయి. మొదటి, నాలుగో పాదాల్లో లకారం కుదిరింది కదా అంటారేమో. మొదటి పాదంలో దాని ముందున్న "కా" గురువు, నాలుగో పాదంలో "పి" లఘువు. కనుక అదీ ప్రాస కాదు. కాఫియా నిండుగా ఉండి ప్రాస బొత్తిగా లేని పద్యం ఉండవచ్చునన్నమాట. మన పురాణ పద్యాల్లో సరిగ్గా దీనికి ఎదురు సంగతి చూస్తాము: ప్రాస నిండుగా ఉంటుంది, కాఫియా ఉండదు.

ఇక యతి. సంస్కృతంలో యతి అంటే విరామం. తెలుగులో అది విరామం కాదు, అక్షరమైత్రి. ఉత్పలమాలలో మొదటి అక్షరానికి పదో అక్షరం, చంపకమాలలో పదకొండో అక్షరం, శార్దూలంలో పదమూడో అక్షరం, మత్తేభంలో పద్నాలుగో అక్షరం మైత్రి పాటించాలి. దీనికి సమానమైనది అరబీ, పారసీ ఛందస్సులో వెదకడం వృథా. లేని పోలికను కల్పించడం కంటె లేదని చెప్పడమే శాస్త్రానికి మర్యాద.

బహర్, గణాలు

ప్రాస విషయంలో దూరమైనవి లయ విషయంలో దగ్గరవుతాయి. ఇది చాలామంది గమనించని విషయం. క్రీ.శ. 8వ శతాబ్దిలో బస్రా పండితుడు ఖలీల్ ఇబ్న్ అహ్మద్ అరబీ కవిత్వపు నడకలను పరిశీలించి అరూజ్ శాస్త్రాన్ని ఏర్పరచాడు. ఆయన కొలతలకు "ఫఊలున్", "ఫాఇలున్", "మఫాఈలున్" వంటి పేర్లున్నాయి. వాటిని మన గురులఘువుల్లో పలికి చూడండి. ఫ-ఊ-లున్ అంటే లఘువు, గురువు, గురువు. ఇది మన య గణం. ఫా-ఇ-లున్ అంటే గురువు, లఘువు, గురువు. ఇది మన ర గణం. మ-ఫా-ఈ-లున్ అంటే య గణంపై ఒక గురువు.

నాలుగు య గణాలు వరుసగా నడిస్తే మన భుజంగప్రయాతం. నాలుగు ఫఊలున్‌లు వరుసగా నడిస్తే బహరె ముతకారిబ్. రెండూ ఒకే నడక. ఆ ముతకారిబ్ చివరి కొలతను కొంత కుదించి ఫిర్దౌసీ షాహ్‌నామా రాశాడు. గుర్రం జాషువా ఆ ఫిర్దౌసీ దుఃఖగాథను 1932లో తెలుగు కావ్యం చేసినప్పుడు తెలుగు పాఠకులు కరుణరసాన్ని చూశారు. షాహ్‌నామా నడక తమ చెవికి ఎప్పుడో పరిచయమైనదేనన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. అలాగే నాలుగు ర గణాల స్రగ్విణి, నాలుగు ఫాఇలున్‌ల ముతదారిక్ ఒకే తూగు.

అయితే ఇక్కడా ఒక జాగ్రత్త అవసరం. నడక ఒకటైనంత మాత్రాన శాస్త్రం ఒకటి కాదు. ఒకటి రెండోదాని నుంచి పుట్టిందని చెప్పడానికి ఈ పోలిక ఆధారం కాదు. హ్రస్వ దీర్ఘాల కాలాన్ని లెక్కపెట్టే భాషల్లో ఒకే కొలత రెండు చోట్ల పుట్టవచ్చు. పోలిక మనకిచ్చే లాభం వేరు. ఉర్దూ రాని తెలుగు పిల్లవానికి బహర్‌ను య గణ, ర గణాలతో పది నిమిషాల్లో చెప్పవచ్చు. తెలుగు ఛందస్సు భయపెట్టే ముస్లిం పిల్లవానికి తాతగారి గజల్ ద్వారా గణాలు చెప్పవచ్చు.

రుబాయీ తెలుగు పద్యమైనప్పుడు

ఇప్పుడు అసలు పరీక్షకు వద్దాము. ఈ డెల్టా ప్రాంతంలో రెండు సంప్రదాయాలనూ ఒకే చేతిలో పట్టుకున్న కవి పేరు అందరికీ తెలిసినదే. 1885లో పిఠాపురంలో జన్మించి 1945లో కన్నుమూసిన మౌల్వీ ఉమర్ ఆలీషా నాటకాలు, పద్యకావ్యాలు రాశారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను పారసీ నుంచి తెలుగు పద్యాలలోకి తెచ్చారు. భీమవరంలో ఆయన పేరిట సాహితీ సమితి ఉంది. పిఠాపురం ఆధ్యాత్మిక పీఠాధిపతిగా ఆయన చెప్పిన వేదాంత భావాలతో ఏకీభవించని వారు మనలో ఉన్నారు. ఆ చర్చకు ఇది చోటు కాదు. ఇక్కడ మన ప్రశ్న ఒక్కటే: రుబాయీ పద్యమైతే ఏమవుతుంది?

రుబాయీకి నాలుగు పాదాలు. ఒకటి, రెండు, నాలుగు పాదాలకు కాఫియా ఉంటుంది. మూడోది సాధారణంగా విడిగా ఉంటుంది. ఆ విడిగా ఉండటంలోనే దాని బలమంతా ఉంది. రెండు పాదాలు విన్న చెవి మూడో పాదంలో కాఫియా కోసం ఎదురుచూస్తుంది, దొరకదు. ఆ ఆకలి మీద నాలుగో పాదం వచ్చి పడుతుంది. పైన రాసిన నాలుగు పాదాల్లో "పిలిచాను" దగ్గర చెవి ఆగుతుంది. "మెదలిపోయింది" దగ్గర తీరుతుంది.

దీన్ని ఉత్పలమాలలో పెట్టి చూడండి. వృత్తంలో నాలుగు పాదాలకూ ప్రాస తప్పనిసరి. మూడో పాదం విడిగా ఉండే వీలు లేదు. పైగా తెలుగు వృత్తంలో పాదం చివర మాట విరగాలని నియమం లేదు. ఒక పాదంలో మొదలైన సమాసం తర్వాతి పాదంలో ముగియవచ్చు. కనుక రుబాయీలో చివర ఉండే శ్రుతి మొదటికి మారుతుంది, మధ్యలో ఉండే ఎదురుచూపు పోతుంది.

కొలత సంగతి కూడా చూడాలి. రుబాయీ హజజ్ నుంచి వచ్చిన ప్రత్యేకమైన నడకల్లో నడుస్తుంది. లాక్షణికులు వాటికి 24 భేదాలు చెప్పారు. మన మాత్రల లెక్కన పాదానికి సుమారు 20 మాత్రలు, మొత్తం సుమారు 80. ఉత్పలమాల పాదానికి 28 మాత్రలు, మొత్తం 112. చంపకమాలకూ అంతే. శార్దూలం, మత్తేభం పాదానికి 30 చొప్పున 120. అంటే ఉత్పలమాలలో రుబాయీని తెచ్చే కవికి 32 మాత్రల ఖాళీ చోటు మిగులుతుంది. ఆ చోటును విశేషణాలతో, సంబోధనలతో, సమాసాలతో నింపక తప్పదు. ఖయ్యాం తెలుగు అనువాదాల్లో "వర్ణన ఎక్కువైంది" అని విమర్శించే వారు ఇది అనువాదకుని అభిరుచి దోషమనుకుంటారు. సగం దోషం పాత్రది. చిన్న చెంబులోని నీళ్లను పెద్ద బిందెలో పోస్తే అడుగుకే చాలతాయి. నిండుగా కనిపించాలంటే ఇంకేదో కలపాలి.

మరి ఏ పాత్ర సరిపోతుంది? కందం మొత్తం 64 మాత్రలు, ఇరుకు. పైగా దానికి ప్రాస ఉంది. ఆటవెలది 64 నుంచి 68 వరకు. తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. లెక్క వేస్తే పాదానికి 17 నుంచి 19 మాత్రలు, మొత్తం 68 నుంచి 76. రుబాయీకి కొలతలో అతి దగ్గరైనది ఇదే. పైగా తేటగీతికి ప్రాస నియమం లేదు, యతి ఒక్కటే. మూడో పాదం తల వంచుకుని నడవవలసిన అవసరం లేదు. రుబాయీని తెలుగు దేశి పద్యంలో చూడదలచిన కవికి నా సలహా తేటగీతే.

కాని వృత్తాన్ని ఎంచుకున్న వారు పూర్తిగా ఓడిపోయారని చెప్పడం అన్యాయం. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. గొప్ప పద్యకవి కర్తను మొదటి పాదంలో చెప్పి, క్రియను నాలుగో పాదం చివరిదాకా ఆపగలడు. కాఫియా చేసే పనిని వ్యాకరణం చేస్తుంది. రుబాయీలో చెవి ఎదురుచూస్తుంది, వృత్తంలో అర్థం ఎదురుచూస్తుంది. అనువాద పద్యం మంచిదో కాదో తేల్చడానికి విమర్శకుడు అడగవలసిన ప్రశ్న, కాఫియా ఉందా లేదా అని కాదు. నాలుగో పాదం ఆఖరున ఏదైనా తెరుచుకుంటోందా లేదా అని. రెండో పాదంలోనే అర్థమంతా తేలిపోయి, తక్కినది అలంకారమైతే ఆ పద్యం ఎంత ధారాళంగా ఉన్నా రుబాయీ కాలేదు.

ఇంకొక మాట. రుబాయీ మన లాక్షణికులు చెప్పిన ముక్తకం. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. పాత దీవానుల్లో పద్యాలను చివరి అక్షరం క్రమంలో పేర్చడం ఆచారం. 1859లో ఫిట్జ్‌జెరాల్డ్ ఇంగ్లీషులో ఖయ్యాంను ప్రచురించినప్పుడు వాటిని తెల్లవారు జాము నుంచి చంద్రోదయం దాకా ఒక రోజు కథలాగా కూర్చాడు. ఆయన వెంట నడిచిన వారికి ఖయ్యాం ఒక కథానాయకుడైపోయాడు. పారసీ నేర్చి పానశాల రాసిన దువ్వూరి రామిరెడ్డి, 1932లో పారసీ మూలాన్నీ ఇంగ్లీషు అనువాదాన్నీ రెంటినీ ఎదుట పెట్టుకుని సంస్కృతంలో, అచ్చతెలుగులో రుబాయీలు వెలయించిన ఆదిభట్ల నారాయణదాసు, మూలం దాకా వెళ్లిన ఉమర్ ఆలీషా – ఈ ముగ్గురి శ్రమకు విలువ ఇందువల్లనే. ఈ ముగ్గురిలో ఇద్దరు ముస్లిములు కారన్నది కూడా మనం మరచిపోరాదు. మన ఇంటి పదాలను మనకంటె శ్రద్ధగా నేర్చినవారు పొరుగింట ఉన్నారు.

ఉపమ, తష్బీహ్, ఇస్తిఆరా

ఇక అలంకారాలు. ఇక్కడ ఒక చోట పరిపూర్ణమైన సామ్యం ఉంది, దాని పక్కనే పెద్ద గొయ్యి ఉంది.

సామ్యం ఇది. ఉపమకు నాలుగు అంగాలు: ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం. తష్బీహ్‌కూ నాలుగే: ముషబ్బహ్, ముషబ్బహ్ బిహీ, వజ్హె షబహ్, అదాతె తష్బీహ్. "ఆయన మాట తేనెలా తియ్యగా ఉంది" అన్నప్పుడు మాట, తేనె, తియ్యదనం, "లా" – రెండు శాస్త్రాలూ ఒకే నాలుగు ముక్కలు చూపిస్తాయి. కనుక ఉపమ తష్బీహేనని నిర్భయంగా చెప్పవచ్చు.

గొయ్యి ఇది. ఇస్తిఆరా అంటే రూపకమని మనవాళ్లు రాస్తుంటారు. "ఆయన సింహం" అన్నామనుకోండి. మన శాస్త్రం ప్రకారం ఇది రూపకం. అరబీ బలాగత్ పండితులు దీన్ని ఇస్తిఆరా అనరు. పోల్చబడిన మనిషి వాక్యంలో ఉన్నాడు గనుక ఇది తష్బీహె బలీగ్, అంటే గాఢమైన ఉపమ మాత్రమే అంటారు. "నిన్న మా వీధిలో ఒక సింహం ఉపన్యసించింది" అంటే అప్పుడు ఇస్తిఆరా. మనిషి మాయమై సింహమే మిగిలింది. దీన్ని మన లాక్షణికులు రూపకాతిశయోక్తి అన్నారు. ఇస్తిఆరాకు సరియైన తెలుగు పేరు అది. అలాగే హుస్నె తాలీల్, అంటే జరిగిన దానికి కవి అందమైన కారణం కల్పించడం, మన హేతూత్ప్రేక్షకు దగ్గర. ముబాలగా అతిశయోక్తిలోని అతిశయం ఒక్కటే, అతిశయోక్తి మొత్తం కాదు.

ఈ సూక్ష్మ భేదాలు పండితుల పని కదా, మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. ఎందుకో చూడండి. "సింహం ఉపన్యసించింది" అన్నప్పుడు ఇది నిజం సింహం కాదని మనకెలా తెలిసింది? "ఉపన్యసించింది" అనే మాట చెప్పింది. అక్షరార్థాన్ని అడ్డగించే ఇలాంటి ఆనవాలును బలాగత్ శాస్త్రం ఖరీనా అంటుంది. ఖరీనా లేనిదే మజాజ్ లేదు. ఇక కినాయా వేరు. అరబ్బులు అతిథి సత్కారం చేసేవాణ్ణి "బూడిద ఎక్కువ ఉన్నవాడు" అంటారు. మనం "వాళ్లింట పొయ్యి ఆరదు" అంటాము. ఇక్కడ భావం వేరే ఉన్నా అక్షరార్థం కూడా నిజం కావచ్చు. పొయ్యి నిజంగానే ఆరకపోవచ్చు. హకీకత్, మజాజ్, కినాయా – ఈ మూడు పదాలూ చేతిలో ఉంటే తెలుగునాట తొంభై ఏళ్లకు పైగా నలుగుతున్న ఒక వివాదాన్ని సవ్యంగా చూడవచ్చు.

సాకీ ఎవరు?

ఖయ్యాం మద్యం నిజమైన మద్యమా, సంకేతమా? ఒక పక్షం వారు అంతా సూఫీ సంకేతమంటారు. ప్రేయసి అంటే పరమాత్మ, మధువు అంటే ప్రేమ, సాకీ అంటే గురువు. రెండో పక్షం వారు అదంతా తర్వాత అంటించిన పట్టీ, ఖయ్యాం భోగి మాత్రమేనంటారు. మనలో కొందరు మద్యం పేరు వినగానే పుస్తకం మూసేస్తారు. వారి ధర్మభీతిని గౌరవిస్తూనే రెండు విషయాలు గుర్తు చేయవలసి ఉంది.

మొదటిది. కఅబ్ ఇబ్న్ జుహైర్ మహాప్రవక్త (స) సన్నిధిలో చదివిన కసీదా ప్రసిద్ధమైనది. ప్రవక్త (స) ఆయనకు తమ దుప్పటిని బహూకరించారని సంప్రదాయం చెబుతుంది. ఆ కసీదా దైవస్తుతితో మొదలు కాదు. దూరమైపోయిన ప్రేయసి వర్ణనతో మొదలవుతుంది. అందులో మద్యంతో ముడిపడిన ఉపమానం కూడా ఉంది. దానిని ఎవరూ కవి నేరాంగీకారంగా భావించలేదు. కసీదాకు అలాంటి ప్రారంభం, అంటే నసీబ్, అరబ్బు కవుల ఆచారమని అందరికీ తెలుసు. కావ్య సంప్రదాయాన్ని సంప్రదాయంగా గుర్తించడం కొత్తగా వచ్చిన సడలింపు కాదు, పాత వివేకం.

రెండవది. సూఫీ కవులు కురులు, పెదవి, మధువు వంటి మాటలను ఏ అర్థంలో వాడారో వివరిస్తూ మహమూద్ షబిస్తరీ 1317లోనే గుల్షనె రాజ్ రచించాడు. కనుక సంకేత పద్ధతి ఉన్నదనడం కల్పన కాదు. అయితే ఒక పద్ధతి ఉన్నంత మాత్రాన ప్రతి పద్యం ఆ పద్ధతిలోనే రాశారని కాదు. ఇక్కడే ఖరీనా అవసరం. ఖయ్యాం పేర ఉన్న రుబాయీల్లో కుమ్మరి చేతిలోని మన్ను మాట్లాడేవి ఉన్నాయి. మన్ను మాట్లాడదు గనుక ఖరీనా పద్యంలోనే ఉంది. అది మజాజ్ అని నిస్సందేహంగా చెప్పవచ్చు. వసంతం వచ్చింది, గిన్నె నింపు అని మాత్రమే చెప్పే పద్యంలో అక్షరార్థాన్ని అడ్డగించేది ఏదీ లేదు. దానిని బలవంతంగా వేదాంతం చేయడం విమర్శ కాదు, భక్తి. పోనీ కవి జీవితాన్ని ఖరీనాగా తీసుకుందామా అంటే, ఆయన పేర చెలామణి అయ్యే రుబాయీల్లో చాలావాటి కర్తృత్వమే సందిగ్ధం. నిషాపూర్ గణితవేత్త జీవితాన్ని ఆధారం చేసుకుని ఎవరు రాశారో తెలియని పద్యానికి అర్థం చెప్పడం ఇసుక మీద గోడ కట్టడమే.

ఇక అనువాదం విషయంలో మరొక మలుపు ఉంది. మూలంలో హకీకత్‌గా ఉన్న మధువు, సూఫీ అయిన ఉమర్ ఆలీషా చేతిలో తెలుగులోకి వచ్చినప్పుడు కినాయా కాగలదు. అనువాదకుని తక్కిన రచనలు కొత్త ఖరీనాగా పనిచేస్తాయి. అదే రుబాయీ భావకవి అయిన రామిరెడ్డి చేతిలో మరోలా ధ్వనిస్తుంది. ఒకే మూలం, రెండు న్యాయమైన అర్థాలు. ఇందులో ఎవరినీ తప్పు పట్టనవసరం లేదు. తప్పు ఎక్కడంటే, ఒక అనువాదంలోని అర్థాన్ని తీసుకువెళ్లి మూలానికి అంటగట్టడంలో.

ఒక హద్దు

ఈ పదజాలాన్ని దివ్య ఖుర్ఆన్‌కు అన్వయించేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. ప్రశంసగానే అనుకోండి, "ఖుర్ఆన్ గొప్ప కవిత్వం, చక్కని ప్రాసలున్నాయి" అని మన వేదికల మీద వినబడుతూ ఉంటుంది. ఖుర్ఆన్ స్వయంగా ఈ పేరును నిరాకరించింది. ప్రవక్తకు (స) కవిత్వం నేర్పలేదని యాసీన్ సూరా చెబుతుంది. ఆయతుల చివర వచ్చే శ్రుతిని పండితులు కాఫియా అనలేదు, ఫాసిలా అని వేరే పేరు పెట్టారు. దానిని సజ్అ అనవచ్చునా అని కూడా వాదించుకున్నారు. ఒక్క మాట వాడటానికి అంత వెనుకాడిన పెద్దల వారసులం, "ప్రాస" అని అలవోకగా అనేస్తున్నాము.

క్రీ.శ. 1013లో గతించిన బాఖిల్లానీ ఈ విషయంలో చెప్పినది నేటికీ విలువైనది. అలంకారాలు అభ్యాసం వల్ల నేర్చుకోదగినవి, కనుక వాటిని లెక్కపెట్టి ఖుర్ఆన్ అద్భుతత్వాన్ని నిరూపించలేమని ఆయన వాదం. మరి ఆ అద్భుతం ఎక్కడుంది? 11వ శతాబ్దికి చెందిన అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ, మాటల కూర్పులో, అంటే నజ్మ్‌లో ఉందన్నాడు. మర్యమ్ సూరాలో జకరియ్యా (అ) తన ముసలితనాన్ని విన్నవించుకునే చోటును ఆయన ఉదాహరణగా తీసుకున్నాడు. నెరిసిన జుట్టుకు మంట అంటుకోవడమనే ఇస్తిఆరా అక్కడ ఉంది. అందం ఇస్తిఆరాలో మాత్రమే లేదని, మంటకు నెరుపును కాక తలను కర్తగా నిలిపిన కూర్పులో ఉందని జుర్జానీ చూపాడు. దానికి ఆయన ఇచ్చిన పోలిక మనకు ఇట్టే అర్థమవుతుంది. "ఇంట్లో మంట అంటుకుంది" అంటే ఏ మూలో అంటుకుని ఉండవచ్చు. "ఇల్లు అంటుకుంది" అంటే ఇక మిగిలిందేమీ లేదు. తాటాకు ఇళ్లు తగలబడటం చూసిన మన పెద్దవాళ్లు కేక వేసేది రెండో వాక్యమే.

చిలుకూరి నారాయణరావు గారి నాటి నుంచి నేటి వరకు ఖుర్ఆన్ భావానువాదాలు తెలుగులో ఎన్నో వచ్చాయి. ఫాసిలా తెలుగులోకి రాదు. తెచ్చిపెట్టుకున్న అంత్యప్రాసలు అనువాదాన్ని చులకన చేస్తాయి. కాని నజ్మ్ కొంతవరకు రాగలదు. ఏది కర్త, ఏది ముందు, ఏది వెనుక అన్న కూర్పును తెలుగు వాక్యం మోయగలదు. అనువాదాలను పరిశీలించేవారు అలంకారాల జాబితా పక్కన పెట్టి ఈ దృష్టితో చూస్తే మేలు.

ఆ కుర్రవానికి జవాబు

చివరిగా ఒక చిన్న పోలిక. గజల్ ఆఖరి షేర్‌లో కవి తన తఖల్లుస్ చెప్పుకుంటాడు. దానిని మఖ్తా అంటారు. మన శతకాల్లో ప్రతి పద్యం చివరా మకుటం వస్తుంది. మళ్లీ మళ్లీ అదే చోట వచ్చే తీరులో మకుటం రదీఫ్‌ను పోలి ఉంటుంది. పేరు పిలవడంలో తఖల్లుస్‌ను పోలి ఉంటుంది. ఒకే తెలుగు పదం రెండు పారసీ పదాల్లో సగం సగం పంచుకుంది. సమానార్థాల పట్టికలో దీన్ని ఏ గడిలో రాస్తాము? రాయలేము, వివరించాలి.

పదాలను ఇలా విడదీసి చూపడం రెండు సంప్రదాయాలను వేరు చేయడానికి కాదు. గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్‌షా మల్కిభరాముడై తెలుగు కవులను ఆదరించాడు. ఆ రాజ్యపు అధికారి అమీన్ ఖానుకు అంకితమైన యయాతి చరిత్రము మొట్టమొదటి అచ్చతెలుగు కావ్యం. ఈ కలయిక పాతది, కలిపినవారు రెండు వైపులా ఉన్నారు. వారెవరూ ఒకదాన్ని ఇంకొకదానిగా భ్రమించలేదు. రెండూ తెలిసినవాడే రెంటినీ కలపగలడు. తెలియనివాడు కలిపితే అది కలగాపులగం.

మన మదరసాల్లో బలాగత్ చెప్పే మౌల్వీసాబులు, బడుల్లో ఛందస్సు చెప్పే తెలుగు మాస్టార్లు ఒకే ఊళ్లో, చాలా చోట్ల ఒకే వీధిలో ఉన్నారు. నెలకొకసారి ఒక్క గంట కూర్చుని ఒక్కొక్క పదం మాట్లాడుకుంటే మన పిల్లలకు రెండు భాషల కవిత్వమూ దక్కుతుంది. పుస్తకం అక్కరలేదు, నిధులు అక్కరలేదు.

ఆ కుర్రవాడు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. మొన్న కనిపించినప్పుడు నా పాత జవాబు తప్పని ఒప్పుకున్నాను. కాఫియా ప్రాస కాదు బాబూ, అంత్యప్రాసకు దగ్గర, రదీఫ్ దాని వెంట నడిచేది అని చెప్పాను. అతడు నవ్వి, "తెలుసు మాస్టారూ, మార్కులు పోయిన రోజే తాతయ్య చెప్పారు" అన్నాడు. ఆయన తెలుగు ఛందస్సు చదువుకోలేదట. మనవడి పుస్తకం తెప్పించుకుని, రెండో అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కొక్క పాదమూ పైకి చదివి చూసుకున్నారట. నేను చేయవలసిన పని అది.